పటం కట్టిన ఉత్తరం

పటాలు కట్టే పనిలో సగం కప్పెట్టడమే. ఫొటో అంచున ఎవరిదో సగం భుజం పడుతుంది. సర్టిఫికెట్టు అడుగున నీళ్ళ మరక ఉంటుంది, అచ్చు వేసినవాడి పేరు ఉంటుంది. దళసరి అట్టకి మధ్యలో కిటికీలాగా కోసి పైన పెడితే అవన్నీ అట్ట కిందికి పోతాయి. దాన్ని మౌంటు అంటాం. ఆ కిటికీ ఎక్కడిదాకా కొయ్యాలో తెలిసినవాడే పనివాడు.

నలభై ఏళ్ళు కోశాను. ఒక్కసారి తప్పు కోశాను. ఈ సంగతి రాయమని నన్నెవరూ అడగలేదు. నాది వానాకాలం చదువు, మూడో తరగతి దాటలేదు. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

ఆ ఏడు వానలు ముందే వచ్చాయి. తడి చేత్తో అద్దం పట్టుకోకూడదని ఊళ్ళో వాళ్ళందరికీ చెప్పినవాణ్ణి నేనే, పట్టుకున్నవాణ్ణీ నేనే. కుడిచేతి బొటనవేలి మొదట్లో దిగింది. ఏడు కుట్లు పడ్డాయి. కుట్లు వేసిన డాక్టరు కుర్రతనం పోనివాడు.

"పెద్దాయనా, ఒక పటానికి ఎన్ని మేకులు కొడతావ్?" అన్నాడు.

"పన్నెండు."

"నేను ఏడుతో సరిపెట్టాను చూడు. ఎవరిది మంచి పనితనం?"

ఇంట్లో ముగ్గురం. మా అబ్బాయి లారీ తోలతాడు, పదిహేను రోజులకోసారి మొహం చూపించి పోతాడు. మా కోడలు పెళ్ళయ్యాక డిగ్రీలో చేరింది. కాలేజీవాళ్ళిచ్చే సహాయం మీద చదువుతోంది. ఆ సహాయం ఉంటే చదువుంది, లేకపోతే లేదు, అంతే సంగతి. మా ఆవిడ పోయి అప్పటికి మూడేళ్ళు.

కట్టుతో ఇంటికొచ్చిన మర్నాడే మా కోడలు కొట్టు తాళాలు తీసుకుంది.

"పొద్దున పూట నేను కూర్చుంటా మావయ్యా. మధ్యాహ్నం క్లాసులకి పోతా."

"మరి పొద్దున క్లాసులో?"

"ఓ మూడు పేపర్లు. తర్వాత చూసుకుంటాలెండి."

తర్వాత అంటే ఎప్పుడని నేను అడగలేదు.

వారంలో పని పట్టేసింది. చెయ్యి కదపలేను గనక పక్కన స్టూలు మీద కూర్చుని నోటితో చెప్పేవాణ్ణి.

"అద్దం మీద గీత ఒక్కసారే గియ్యాలి. అదే గీత మీద రెండోసారి గీస్తే పగులుతుంది."

"మరి మొదటిసారే వంకర గీస్తేనో?"

"గియ్యకూడదు."

"అబ్బో! మా లెక్చరర్లే నయం, ఇంకో పరీక్షన్నా పెడతారు."

కొట్టుకి వచ్చినవాళ్ళతో ఆమె మాట్లాడే తీరే వేరు. నేను కొలత అడిగి చీటీ రాసిచ్చి ఊరుకునే మనిషిని. ఒకరోజు ఒకాయన తన పెళ్ళి ఫొటో తెచ్చాడు. చివర నుంచున్న బావమరిదిని మౌంటు కిందికి పంపించెయ్యమన్నాడు.

"మీ ఆవిడగారిని అడిగారా అండీ?" అంది మా కోడలు.

"అడిగితే నేను వెళ్ళాలమ్మా మౌంటు కిందికి."

నవ్వాను. గట్టిగానే నవ్వినట్టున్నాను, పక్క కొట్టు దర్జీ మెళ్ళో టేపుతో బయటికొచ్చాడు.

"ఏమయ్యోయ్, నవ్వింది నువ్వేనా? ఎక్కడో తుప్పు పట్టిన గడియ తీశారనుకున్నా."

పొద్దున్నే ఆమె షట్టరు ఎత్తడం, బల్ల తుడవడం, నా పక్కన టీ గ్లాసు పెట్టడం. ప్యాకింగుకి తెచ్చిన పాత పేపర్లలో ఏదన్నా కబురు కనిపిస్తే పైకి చదివేది. పాత కబుర్లే, నాకన్నీ కొత్తవే. వాన పడుతుంటే రోడ్డు వంక చూస్తూ వినేవాణ్ణి. మూడేళ్ళుగా ఆ కొట్లో నా సుత్తి చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు.

పన్నెండో రోజున డాక్టరు కుట్లు విప్పాడు. వేళ్ళు ముడిపించి, తెరిపించి చూశాడు. మూడో వారం నించి నీ పని నువ్వు చేసుకోవచ్చని చీటీ మీద రాసిచ్చాడు. నిజంగానే మూడో వారానికి చెయ్యి మామూలైపోయింది. ఆ పొద్దున దొడ్లో నుంచుని సుత్తి పట్టి చూసుకున్నాను, బాగానే ఆడింది. సుత్తి పక్కన పెట్టి కట్టు గుడ్డ నేనే మళ్ళీ చుట్టుకున్నాను. ఆ ఒక్క రోజుకే అనుకున్నాను.

"ఇంకా సలుపుతోందా మావయ్యా?"

"ఊఁ."

ఆ 'ఊఁ' ఇంకో ఆరు వారాలు నడిచింది.

సాయంత్రం విప్పిన గుడ్డ బాల్చీలో పడేసేవాణ్ణి. పొద్దుటికల్లా ఉతికి, మడతపెట్టి, వంటింటి గుమ్మం మేకుకి తగిలించి ఉండేది. వానల్లో ఆరకపోతే ఇస్త్రీ పెట్టి మరీ ఆరబెట్టేది. వెచ్చగా ఉండేది చేతికి.

తొమ్మిదో వారం ఆఖర్న పరీక్షలని చెప్పింది. ఆ పూటే కట్టు తీసేశాను.

"తగ్గిపోయిందమ్మా."

"మంచిది మావయ్యా" అంది. తాళాలు నా చేతిలో పెట్టి పుస్తకాలు సర్దుకుంది.

పరీక్షలయ్యాయి. వానలూ వెనకబట్టాయి. వాళ్ళక్కకి కాన్పు అయిందని మా కోడలు పుట్టింటికి వెళ్ళింది, మూడు వారాలు ఉండొస్తానంది. ఆమె వెళ్ళిన మూడోనాడు పోస్టుమాను కొట్టుకొచ్చి ఉత్తరం ఇచ్చాడు.

"కాలేజీ నించి. నీ కోడలికి. ఇక్కడ సంతకం పెట్టు."

పెట్టాను. విప్పాను. పైన బంగారు రంగులో కాలేజీ ముద్ర. దాని కింద లావు అక్షరాల్లో మూడు మాటలు. కూడబలుక్కున్నాను. సంతృప్తి తెలిసిన మాటే. విద్య తెలుసు. ప్రగతి అంటే ముందుకి పోవడమని ఓట్లప్పటి గోడరాతల వల్ల తెలుసు. సంతృప్తికర విద్యా ప్రగతి. ఆ కింద మా కోడలి పేరు. ఆ కింద చీమలబారులాగా సన్న అక్షరాలు.

సన్న అక్షరాలు నేను చదవలేదు. వందల సర్టిఫికెట్లు కట్టాను. ముద్ర, లావు అక్షరాలు, పేరు, ఈ మూడే జనం చూసేది. ఎందరి పిల్లలవో కట్టాను. మా ఇంటి పేరు రాసున్నది ఒక్కటీ ఎప్పుడూ కట్టలేదు. మా అబ్బాయి స్కూలు ఎగ్గొట్టి లారీలు కడుక్కునే రకం.

మా ఆవిడ ఫొటోకి వాడగా మిగిలిన టేకు బద్ద అటకమీద ఉంది, దింపాను. మంచి పాలరంగు అట్ట తీశాను. ముద్ర, మూడు మాటలు, పేరు, అక్కడిదాకా కిటికీ కోశాను. అంచు గీతలాగా వచ్చింది. చీమలబారంతా అట్ట కిందికి పోయింది. పన్నెండు మేకులు కొట్టి, వచ్చినవాళ్ళకి ఎదురుగా కనబడేట్టు తగిలించాను.

దర్జీ వచ్చి, కళ్ళద్దాలు పైకెత్తి చదివాడు.

"సంతృప్తికర విద్యా ప్రగతి. ఓహో! ఎన్నో ర్యాంకట?"

"ర్యాంకు కాదు. సంతృప్తి."

"కాలేజీవాళ్ళు సంతృప్తి పడ్డారంటే మాటలా! నా దగ్గర జాకెట్టు కుట్టించుకున్నది ఒక్కతీ ఇంతవరకు పడలేదు."

తర్వాత నాలుగు రోజులకి మా కోడలు ఫోను చేసింది.

"మావయ్యా, కాలేజీ నించి ఉత్తరమేమన్నా వచ్చిందా?"

పటం నా ఎదురుగానే ఉంది. వచ్చాక చూసి సంబరపడుతుందని నోటిదాకా వచ్చింది మింగేశాను.

"లేదే."

"వస్తే వెంటనే నాకు ఫోను చెయ్యండి. మర్చిపోకండేం."

"ఊఁ."

ఇరవైయొకటో రోజున బస్సు దిగి తిన్నగా కొట్టుకే వచ్చింది, చేతిలో సంచి కూడా దింపలేదు. నేను ఆ పొద్దున అద్దం రెండుసార్లు తుడిచి ఉంచాను. చూసింది. ఎంతసేపు చూసిందో. నేను వెనక నుంచున్నాను, మొహం కనబడలేదు.

"ఇది ఎప్పుడొచ్చింది మావయ్యా?"

"నువ్వెళ్ళిన మూడోనాడు. ఎలా ఉంది?"

"బాగుంది" అంది. పేరు కింద అద్దం మీద వేలు పెట్టి, "కిందదేదీ?" అంది.

"కింద ఏముంది, సన్న రాతలు. పటానికి అందం రాదని..."

"ఒకసారి దింపుతారా?"

దింపాను. బల్లమీద బోర్లా పెట్టి ఆమే మేకులు పీకింది. నేను నేర్పినట్టే, ఒక్క మేకూ వంగకుండా. అట్ట తీసి పక్కన పెట్టి నుంచునే చదువుకుంది.

"పైకి చదువమ్మా."

చదివింది. "'పైన తెలిపిన ప్రమాణాన్ని మీరు అందుకోలేదు. నమోదు చేసుకున్న ఆరు పేపర్లలో మూడు మాత్రమే పూర్తి చేసినందున మీకిస్తున్న ఆర్థిక సహాయం నిలిపివేయబడుతుంది. తగిన కారణం ఉన్నచో ఈ ఉత్తరం అందిన పదిహేను రోజులలోగా ఆధారాలతో విన్నవించుకోవచ్చు.'"

"మరి పైన సంతృప్తికరం అని..."

"అది రూలు పేరు మావయ్యా."

ఆమె వేళ్ళమీద రోజులు లెక్కపెట్టుకుంది.

"గడువు దాటి మూడు రోజులైంది" అంది.

అప్పుడే దర్జీ తల లోపలికి పెట్టాడు. "ఏమ్మా, వచ్చీ రాగానే పటం దింపేశారేం? స్వీట్లు ఎగ్గొట్టడానికా?"

"లోపల దుమ్ము పట్టింది బాబాయ్, తుడుస్తున్నా" అంది మా కోడలు, నా వంక చూడకుండా.

ఆ మాట నన్ను కాపాడ్డానికి అన్నది. దానికంటే ఒక లెంపకాయ కొట్టినా బాగుండేది.

మర్నాడు కాలేజీకి వెళ్ళాం. మీరు రానక్కర్లేదంది, అయినా వెళ్ళాను. సంతకం పెట్టి తీసుకున్నది నేను గదా. ఆఫీసులో పొడుగాటి బెంచీ, దాని మీద అందరూ పిల్లలే, మధ్యలో నేనొక్కణ్ణే తలనెరిసినవాణ్ణి. సహాయం సంగతులు చూసే మేడమ్ కళ్ళద్దాలు గొలుసుకి వేలాడేసుకుని ఉంది. చెడ్డ మనిషి కాదు. ముందు కుర్చీ చూపించింది.

"జబ్బో, చావో, ఇంట్లో ఏదన్నా కష్టమో వస్తే చదువు కుంటుపడుతుంది. మాకు తెలుసు. అందుకే విన్నపం పెట్టుకోమంటాం. కానీ కాగితం ఉండాలి. అసలెందుకు మానేశావు ఆ మూడు పేపర్లు?"

"మావయ్యగారి చెయ్యి తెగింది మేడమ్. పొద్దున కొట్టు చూసేవాళ్ళు లేరు."

డాక్టరు చీటీ ఇచ్చింది. మేడమ్ కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది. సన్న అక్షరాలన్నీ చదివింది.

"పన్నెండో రోజున కుట్లు విప్పారు. మూడో వారం నించి పని చేసుకోవచ్చని రాశాడు. నువ్వు తొమ్మిది వారాలు పొద్దున క్లాసులకి రాలేదు. మూడు వారాలకి కాగితం ఉంది. మిగతా ఆరు?"

మా కోడలు చున్నీ అంచు వేలికి చుట్టుకుంది. "వయసు మీద పడింది గదా మేడమ్. గాయం తొందరగా మానదు. సలుపని..."

"మానింది" అన్నాను.

మా కోడలు నా వైపు తిరగలేదు. మేడమ్ ఒక్కతే తిరిగింది.

"మూడో వారానికే మానిందమ్మా. నేనే కట్టు విప్పలేదు."

"ఎందుకని?"

ఎందుకని. బస్సులో వస్తూ దీనికి జవాబు వెతుక్కోలేదు. వెతుక్కుంటే మంచిదేదన్నా దొరికేదేమో.

"పొద్దున పూట కొట్లో బాగుండేది" అన్నాను.

మేడమ్ రాయబోయి ఆగింది. మా కోడలు నేలమీద బండల వంక చూస్తూ ఉంది.

"సరే. ఉత్తరం మీరే తీసుకున్నారు. పద్దెనిమిది రోజులు అమ్మాయికి ఎందుకు చెప్పలేదు?"

"పటం కట్టాను."

"ఏం కట్టారు?"

"పటం. అద్దం వేసి. గోడకి తగిలించాను."

పక్క బల్ల మీద గుమాస్తాకి నవ్వు తన్నుకొచ్చింది, దగ్గుగా మార్చుకున్నాడు. మేడమ్ నవ్వలేదు. తెల్ల కాగితం ఒకటి నా ముందుకి జరిపింది.

"ఈ రెండు సంగతులూ మీ చేత్తో రాసి సంతకం పెట్టండి. అమ్మాయి రాయకూడదు. ఆలస్యం మన్నించాలా, మిగతాది ఏం చెయ్యాలా, కమిటీ చూస్తుంది. నేను మాటివ్వలేను."

బెంచీ మీద కూర్చుని రాశాను. గంట పట్టింది. 'విన్నపం' ఎలా రాయాలో పక్కనున్న మా కోడల్ని అడగబోయి మానుకున్నాను, ఆ మాట లేకుండానే రాశాను. రాసింది ఇంతే.

'అయ్యా. నా చెయ్యి మూడు వారాలకే బాగయింది. బాగు కాలేదని ఇంట్లో అబద్దం చెప్పాను. ఉత్తరం వచ్చింది. మంచి ఉత్తరం అనుకుని పటం కట్టాను. అడిగితే రాలేదన్నాను. పిల్ల తప్పు ఏమీ లేదు.'

ఇన్నేళ్ళలో నేను రాసిన పెద్ద ఉత్తరం అదే. కింద సంతకం పెట్టాను. బాగయిన చేత్తోనే.

బయట బస్సు కోసం నుంచున్నాం. చాలాసేపు బస్సు రాలేదు.

"చెయ్యి సంగతి నీకు ముందే చెప్పాల్సిందమ్మా."

"తెలుసు మావయ్యా."

"చెప్పాల్సిందని తెలుసా?"

"చెయ్యి మానిందని." రోడ్డు వంకే చూస్తూ అంది. "గుడ్డ ఉతికింది నేనేగా."

బస్సొచ్చింది. ఎక్కాం. ఆమె ముందు సీట్లో కూర్చుంది, నేను వెనక. దారి పొడుగునా ఆమె జడ చూస్తూ కూర్చున్నాను. ఆరు వారాలు మరకలేని గుడ్డ ఉతికింది. ఇస్త్రీ పెట్టింది. మడిచి మేకుకి తగిలించింది. తేలు కుట్టిన దొంగలాగా నేను 'ఊఁ' అంటూ ఉంటే, టీ గ్లాసు నా ఎడమచేతికి అందేట్టు పెట్టింది. మరి అడగలేదేమని నేను అడగలేదు. మామగారిని ఏమని అడుగుతుంది? మీరు దొంగ కట్టు కట్టారు, నా క్లాసులు పోతున్నాయి అనా? ఇంట్లో పెద్దవాణ్ణి నేను. ఆ పెద్దరికమే ఆమె నోటికి కట్టు కట్టింది.

తర్వాత నెల రోజులకి రెండో ఉత్తరం వచ్చింది. సంతకం పెట్టి తీసుకున్నాను, కవరు చింపలేదు. కొట్టు మధ్యలోనే మూసి ఇంటికి పట్టుకెళ్ళాను. మా కోడలు బియ్యం ఏరుతోంది. కవరు చూసి చేతులు దులుపుకుంది, కానీ అందుకోలేదు.

"మీరే చదవండి" అంది.

"నాకెక్కడొస్తుందమ్మా, నువ్వు చదువు."

"వస్తుంది. నిదానంగా చదవండి. నాకేం తొందర లేదు."

ఆమె చేటలో బియ్యం ముందు మళ్ళీ కూర్చుంది, కానీ ఏరలేదు. గుమ్మంలో వెలుగుకి నుంచుని మొదలుపెట్టాను. పైన అదే ముద్ర. అవే మూడు మాటలు.

"సంతృప్తికర విద్యా ప్రగతి" అని, "ఇది రూలు పేరు" అన్నాను.

"ఊఁ" అంది ఈసారి ఆమె.

చీమలబారులోకి దిగాను. ఒక్కో అక్షరం కింద వేలు పెట్టుకుని, తప్పితే వెనక్కి వెళ్ళి, ఒత్తులు మింగితే మళ్ళీ కక్కి. ఆమె ఒక్క మాటా అందివ్వలేదు. 'ఆలస్యము మన్నించడమైనది' దగ్గర ఊపిరి తీసుకున్నాను. 'ఒక్క అర్ధ సంవత్సరమునకు మాత్రమే సహాయము కొనసాగించబడును' దగ్గర ఆమె కళ్ళు మూసుకుంది. నేను కాగితం మడవబోయాను.

"ఇంకా ఉంది" అంది.

ఉంది. 'ఈ కాలములో ఏ ఒక్క పేపరును విడిచిపెట్టినను సహాయము శాశ్వతముగా రద్దగును. మరల విన్నవించుకొనుటకు వీలులేదు.'

"అయిపోయింది" అన్నాను.

ఆమె చేట పక్కన పెట్టి లేచింది. కాగితం తీసుకుని, వెనక్కి తిప్పి ఏమీ లేదని చూసుకుని, పుస్తకంలో పెట్టుకుంది.

"రేపు పొద్దున్నించి క్లాసులు. కొట్టు..."

"నేను తీస్తాను."

"చెయ్యి?"

"బాగుందమ్మా."

తల ఊపి బియ్యం దగ్గరికెళ్ళింది.

ఆ ఆరు నెలలూ ఆమె ఒక్క పేపరూ వదల్లేదు. సహాయం నిలబడింది. పోయిన మూడు పేపర్లూ తనకంటే చిన్నపిల్లల పక్కన కూర్చుని మళ్ళీ చదువుకుంది. చదువు పూర్తవడానికి ఒక ఏడాది ఎక్కువ పట్టింది. ఆ ఏడాది నేను తిన్నది. పక్క కొట్టు దర్జీ ఇప్పటికీ అడుగుతాడు, ఆ పటమేమైందయ్యా అని. అద్దం పగిలిందని చెప్పాను.

పట్టా వచ్చి రెండేళ్ళయింది. తెచ్చిన రోజున ఒక్కసారి చూపించింది, కింద ఉన్న సన్న అక్షరాలు కూడా చదివాను. ఇప్పుడు ఆమె పెట్టెలో బట్టల అడుగున ఉంది. పటం కట్టమని ఆమె అడగలేదు. కట్టనా అని నేనూ అడగలేదు, నోరు రాలేదు.

కంటి కొలత చాలు నాకు. టేకు బద్దలు నాలుగూ కోసి, నున్నగా చేసి, అటకమీద పెట్టి ఉంచాను. అద్దమూ కోశాను, ఒక్క గీతతో.

మౌంటు కొయ్యలేదు.